డాష్‌బోర్డు మీద బొట్టు

ట్రాయ్
24 జూన్ 2025

చి. రఘుకి,

ఇషిత ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిందనీ, ఐస్‌క్రీమ్ కోసం మారాం చేస్తోందనీ మీ అక్క చెప్పింది. ఆ మాట వినేదాకా మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. నీతో ఫోన్‌లో మాట్లాడదామంటే నా చెవుల సంగతి నీకు తెలిసిందే. కొత్తగా పెట్టించుకున్న మెషిన్లలో ఎదుటి మనిషి మాట తప్ప అన్నీ వినబడతాయి, ఫ్రిజ్ మూలుగుతో సహా. ఫోన్ దగ్గర పెడితే కీచుమంటాయి. అందుకని మీ అక్క ఫోన్‌లో ఏడుస్తుంది, నేను ఉత్తరం రాస్తాను. నువ్వూ ఉత్తరమే రాయి. ముక్కలు ముక్కలుగా మెసేజీలు పంపకు, నాకు సగం చెప్పి పారిపోయినట్టుంటుంది.

ఒక్క సంగతి మాత్రం నాకు మింగుడుపడటం లేదు. మీ అక్క చెప్పిన ప్రకారం నమ్రత పాపను ఈత క్లాసు నుంచి తీసుకొస్తుంటే ఫ్రీవే మీద కారు పొగలు కక్కి ఆగిపోయింది. ఏసీ పోయింది. మీ అరిజోనా ఎండలో సాయం వచ్చేలోపు పాప వాడిపోయి స్పృహ తప్పింది. సరే. ఇంజన్ అంత వేడెక్కిందంటే, అంతకు ముందే దీపం వెలిగి ఉండాలి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చేసింది ఆ పనే కదా. స్టీరింగ్ వెనక ఏ దీపం ఎక్కడ ఉండాలి, ఏ రంగులో వెలగాలి అని. మీ అక్క దాన్ని 'సీరియల్ సెట్ల ఉద్యోగం' అని వెక్కిరించేది.

పచ్చ, నీలం దీపాలు కులాసా కబుర్లు. పసుపు దీపం పోస్టు కార్డు లాంటిది, చదివి తీరిగ్గా జవాబు రాయొచ్చు. మిణుకు మిణుకుమంటే మాత్రం తీరిక పనికిరాదు. ఎర్రది టెలిగ్రాం. టెలిగ్రాం వస్తే మా నాన్న అది చదవకముందే చొక్కా వేసుకునేవాడు. నీళ్లలో నిలబెట్టిన థర్మామీటర్ బొమ్మ ఎర్రగా వెలిగితే కారు పక్కకు తీసి ఇంజన్ ఆపేయాలి. ఇందులో ఇంకో ఆలోచన లేదు. నమ్రత తెలివైన పిల్ల. తను ఎలా చూడలేదు? దీపం వెలగలేదా? వెలగకపోతే అది తయారుచేసినవాళ్ల తప్పు, నేను ఊరుకోను. వివరంగా రాయి.

పాపకు ఐస్‌క్రీమ్ కొనిపెట్టు.

మీ బావ
వీరభద్రరావు


చాండ్లర్
29 జూన్ 2025

బావగారికి నమస్కారాలు.

ఇషిత బాగుంది. సెలైన్ ఎక్కించి, ఒక రాత్రి ఉంచుకుని పంపించారు. ఇప్పుడు ఇల్లంతా పరుగులే. నమ్రతే కొంచెం డల్‌గా ఉంది. ఇక డ్రైవింగ్ చెయ్యనంటోంది. కొన్నాళ్లకి అదే సర్దుకుంటుందిలెండి.

మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను. దీపం వెలిగే ఉంటుంది. కనబడలేదు, అంతే. మీరు ఉగాదికి వచ్చినప్పుడు గుడి దగ్గర, అప్పుడే కొన్న ఆ సెకండ్ హ్యాండ్ కారుకి పూజ చేయించాం కదా. అప్పుడు పూజారిగారు మీటర్ల అద్దం మీద కూడా ఒక బొట్టు పెట్టారు. తడి పసుపు, దాని మీద కుంకుమ. మనవాళ్లు ఆ బొట్టు తుడవరని మీకు తెలుసు. అది ఎండకి గట్టిపడి సరిగ్గా ఆ దీపం మీద కూర్చుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మన టైమ్ బాగాలేదు, అంతే.

కారుని తుక్కు కింద కొనేవాళ్లు తీసుకుపోయారు కాబట్టి చూపించడానికి కూడా ఏమీ లేదు. ఇక్కడ ఫ్రెండ్స్ కూడా అడిగారు, వాళ్లకీ ఇదే చెప్పాను. మీరు దీని గురించి ఎక్కువ ఆలోచించకండి. అక్కని కంగారు పడొద్దని చెప్పండి.

రఘు


ట్రాయ్
6 జూలై 2025

ఒరేయ్ రఘూ,

దీపం నిర్దోషి అని తేల్చావు, నా ప్రాణం లేచొచ్చింది. ఎండ పడితే కనబడుతుందా, నల్ల కళ్లద్దాలు పెట్టుకుంటే కనబడుతుందా, రంగులు తెలియనివాళ్లకి కనబడుతుందా అని మేము మీటింగుల మీద మీటింగులు పెట్టేవాళ్లం. కాఫీ ఒలికితే ఏమవుతుందో కూడా చూశాం. కుంకుమ సంగతి ఎవడికీ తట్టలేదు. ఆ గదిలో తెలుగువాణ్ని నేనొక్కణ్నే, నాకైనా తట్టొద్దూ! నీ ఉత్తరం పట్టుకుని పాత ఆఫీసువాళ్లందరికీ చెప్పాలన్నంత ఉత్సాహం వచ్చింది. తర్వాత పాప గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

నీ ఉత్తరం మీ అక్కకి పైకి చదివి వినిపించాను. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. బొట్టు దాకా రాగానే చిక్కుడుకాయలు అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోయింది. అప్పటినుంచి సరిగ్గా తినడం లేదు. ఏమైందే అంటే తలనొప్పి అంటోంది, అదీ నాకు వినబడనంత మెల్లిగా. మీ ఇద్దరి మధ్య ఏదైనా మాటా మాటా వచ్చిందా? ఉంటే చెప్పు, నేను మధ్యవర్తిత్వం చేస్తాను. ఫీజు తర్వాత చూసుకుందాం.

బావ


ట్రాయ్
13 జూలై 2025

చి. రఘుకి,

నీ జవాబు రాకముందే మళ్లీ రాస్తున్నాను. తలనొప్పి కాదని తెలిసింది.

ఆ బొట్టు పెట్టింది పూజారి కాదు, మీ అక్క. పూజారి బయట బానెట్ మీద స్వస్తిక్ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఇంకో కారు దగ్గరికి వెళ్లాడట. నువ్వేమో దూరంగా నిలబడి ఫోన్‌లో ఉన్నావు. నేను పులిహోర లైన్‌లో ఉన్నాను. అప్పుడు నమ్రతే, "వదినా, లోపల మీ చేత్తో పెట్టండి, మీ చెయ్యి మంచిది" అని పసుపు గిన్నె అందించిందట.

మీ అక్క చెయ్యి సంగతి నీకు నేను చెప్పాలా? ఈ ట్రాయ్‌లో మనవాళ్లు ఎవరు కొత్త ఇంట్లో దిగినా పాలు పొంగించడానికి ఛాయాదేవి వెళ్లాలి. ఎవరికి నెల తప్పినా మొదటి గాజులు ఛాయాదేవి తొడగాలి. నేను ఎన్ని వెక్కిరించినా, ఆ పిలుపులే ఈ దేశంలో ఆవిడ సంపాదన. నిన్న ఇక్కడి మన కుర్రాడు కౌస్తుభ్ గృహప్రవేశం, అద్దె ఇంటి గడువు అయిపోయి ఆషాఢంలోనే పెట్టుకున్నారు. రానని కబురు పంపేసింది. వాళ్ల అమ్మ ఇంటికి వచ్చి మరీ అడిగితే ఒంట్లో బాగాలేదని తలుపు దగ్గరే పంపించేసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, నాకు వినబడేలా గట్టిగా చెప్పింది. "నా చేత్తో పెట్టిన బొట్టు పసిదాని ప్రాణం మీదికి తెచ్చింది. ఇక ఈ చేత్తో ఎవరికీ ఏమీ పెట్టను."

దసరాకి మీ ఇంట్లో ఇషితకు అక్షరాభ్యాసం. మేనత్తగా పాప చెయ్యి పట్టుకుని బియ్యంలో దిద్దించమని నమ్రత ఎప్పుడో అడిగింది కదా. ఇప్పుడు ఆ టికెట్ క్యాన్సిల్ చెయ్యమంటోంది. నేను చెయ్యలేదు, చేశానని అబద్ధం చెప్పాను. తెలిసీ తెలియక ఆ ఉత్తరం పైకి చదివినందుకు నన్ను నేను తిట్టుకుంటున్నాను. నువ్వొక మాట రాయి. నీ మాట వింటుంది.

బావ


చాండ్లర్
19 జూలై 2025

బావగారూ,

అక్క పెట్టిందని నాకు నిజంగా తెలియదు. తెలిస్తే అలా రాసేవాణ్ని కాదు. పూజారే పెట్టి ఉంటాడనుకున్నాను. ఆయన మనకి ఏమీ కాడు కదా, ఏమీ అనుకోడు అనిపించింది.

నిన్న అక్కకి ఫోన్ చేశాను. "పాప ఏం తింది, జ్వరం మళ్లీ రాలేదు కదా" అని అడిగింది. బొట్టు మాట నేనే ఎత్తాను. "ఆ సంగతి వదిలెయ్ నాన్నా" అని పెట్టేసింది. చిన్నప్పుడు నేను తప్పు చేసి కూర్చుంటే నన్ను నాన్నా అని పిలిచేది. ఆ పిలుపు విన్నాక ఆఫీసులో ఏ పనీ చెయ్యలేకపోయాను.

మీరు తనకి ఇలా చెప్పండి. బొట్టు వల్లే అని నేను ఖాయంగా చూడలేదు. ఊరికే ఊహించి రాశాను. బొట్టు చిన్నదే. అది అడ్డం వచ్చి ఉండకపోవచ్చు కూడా. దయచేసి టికెట్ క్యాన్సిల్ చెయ్యకండి. మీ ఉత్తరాల సంగతి ఇక్కడ నమ్రతకి చెప్పలేదు, అసలే ముభావంగా ఉంది. ఏమైందంటే "ఏం లేదు" అంటుంది.

రఘు


ట్రాయ్
2 ఆగస్టు 2025

చి. రఘుకి,

నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను. ఉత్తరం చేతికిచ్చి చదువుకోమన్నాను కూడా. చదివి కళ్లు తుడుచుకుని ఏమందో తెలుసా? "చూశారా, నన్ను బాధపెట్టకూడదని నా తమ్ముడు మాట మారుస్తున్నాడు. వాడి బిడ్డ ఆస్పత్రి పాలైతే, వాడు నన్ను ఓదారుస్తున్నాడు." ఆ తర్వాత ఇంకా ఎక్కువ ఏడ్చింది.

నీ మంచితనానికి మెచ్చుకోవాలో, అది చేసిన నిర్వాకానికి తిట్టుకోవాలో తెలియడం లేదు. ఇప్పుడు దేవుడి దగ్గర దీపం కూడా నన్నే పెట్టమంటోంది. నేను వత్తి తలకిందులుగా పెట్టాను. మామూలుగా అయితే దానికి ఒక పూటంతా నవ్వేది.

బావ


ట్రాయ్
10 ఆగస్టు 2025

రఘూ,

ఈ ఉత్తరం మీ అక్కకి చదివి వినిపించలేదు. తను గుడికి వెళ్లింది, దణ్ణం పెట్టుకుని వచ్చేస్తానంది.

పూజ రోజున నమ్రత మీ అక్కకి పంపిన ఫోటోలు ఇవాళ మళ్లీ తీసి చూశాను. ఇషిత స్టీరింగ్ పట్టుకుని వెనక్కి తిరిగి నవ్వుతున్న ఫోటో ఒకటుంది. దాని వెనక మీటర్లు, అద్దం మీద బొట్టు, అన్నీ తేటగా ఉన్నాయి. బొట్టు ఎడమ మూల ఉంది. తాళం తిప్పిన కొత్తలో తీసినట్టున్నారు, దీపాలన్నీ ఒకసారి వెలిగి తమని తాము పరీక్షించుకునే క్షణం అది. ఎర్ర థర్మామీటర్ బొమ్మ కుడివైపు వెలుగుతోంది. ఆ రెంటికీ మధ్య నా అరచెయ్యంత దూరం ఉంది. పొద్దున్నుంచీ భూతద్దం పెట్టుకుని చూశాను.

ఇంకో సంగతి. ఆ దీపం వెలిగినప్పుడు బీప్ కూడా కొడుతుంది. నాలాంటి చెవిటివాడికి తప్ప అందరికీ వినబడుతుంది. దీపానికి మా ఛాయ బొట్టు పెట్టింది సరే, బీప్‌కి ఎవరు పెట్టారు?

ఆడలేక మద్దెల ఓడు అన్నాడట. నువ్వు పాపం మద్దెలను కూడా అనలేదు, దానికి పూజ చేసిన మనిషిని అన్నావు. నాకు కోపంగా ఉంది. నమ్రతని కాపాడుతున్నావా? ఆ పిల్ల చూసీ ఆపలేదా? అదే అయితే అది మనుషులు చేసే పొరపాటే, ఆ మాటే చెప్పు. నేను కడుపులో పెట్టుకుంటాను. కానీ మీ అక్క చెయ్యి మీ అక్కకి తిరిగి ఇచ్చెయ్యి.

వీరభద్రరావు


చాండ్లర్
16 ఆగస్టు 2025

బావగారూ,

నమ్రత తప్పు లేదు.

తను దీపాన్ని చూసింది. బీప్ విన్నది. వెంటనే నాకు ఫోన్ చేసింది. "రఘూ, రెడ్‌ది వచ్చింది, థర్మామీటర్ బొమ్మ. పక్కకి ఆపేయనా?" అంది. నేను మీటింగ్‌లో ఉన్నాను. మా గ్రూప్‌లో లేఆఫ్స్ ఉంటాయని మాట నడుస్తోంది. అవి వస్తే వీసా గొడవ, అందరి ముందూ నా ప్రెజెంటేషన్. మీరు దీన్ని సాకు అంటారు. నేనూ అంటాను. "ఏం కాదు, పాత కారుకి ఏదో ఒక లైట్ వస్తూనే ఉంటుంది. ఇల్లు దగ్గరే కదా, వచ్చేయ్" అని పెట్టేశాను. తను చెప్పింది థర్మామీటర్ అని నాకు వినబడింది. వినలేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. మళ్లీ ఫోన్ వచ్చింది. టేబుల్ మీద బోర్లా పెట్టాను.

అంతకు ముందు కూడా లైట్ వచ్చినప్పుడల్లా తను ఫోన్ చేసేది. అద్దం కడిగే నీళ్లు అయిపోయినా, టైర్‌లో గాలి తగ్గినా. "మా ఆవిడకి కార్‌లో రోజూ దీపావళి" అని నేను పార్టీల్లో జోక్ చేసేవాణ్ని. అందరూ నవ్వేవాళ్లు. తనూ నవ్వేది.

ఆస్పత్రిలో ఇషిత చేతికి సూది గుచ్చుతుంటే పట్టుకుని నిలబడ్డాను. ఏడవడానికి కూడా దానికి ఓపిక లేదు. మీరు 'నమ్రత ఎలా చూడలేదు' అని రాసినప్పుడు నిజం రాద్దామనే కూర్చున్నాను. నమ్రత మీద తప్పు పెట్టడానికి మనసొప్పలేదు. నా మీద పెట్టుకోవడానికి ధైర్యం చాల్లేదు. బొట్టు గుర్తొచ్చింది. దానికి నోరు లేదు కదా అనుకున్నాను.

అక్కకి ఈ ఉత్తరం మొత్తం చదివి వినిపించండి. ఏమీ వదలకండి.

రఘు


ట్రాయ్
24 ఆగస్టు 2025

చి. రఘుకి,

మొత్తం చదివాను. మళ్లీ చదవమంది, మళ్లీ చదివాను. తన కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూసుకుంది. అమ్మయ్య అంటుందనుకున్నాను. "నా చెయ్యి మంచిదేనని సంతోషించాలా, నా తమ్ముడు ఇలా చేశాడని ఏడవాలా?" అంది. ఆ తర్వాత లేచి చిక్కుడుకాయ కూర వండింది. ఉప్పు ఎక్కువైంది, అయినా రెండుసార్లు వడ్డించుకున్నాను.

నిన్ను తిట్టాలని కాగితం తీశాను కానీ నా నోరు కూడా శుభ్రంగా లేదు. ఉగాది రోజు పొద్దున నమ్రత నా దగ్గరికి వచ్చింది. "అన్నయ్యగారూ, మీరు ఈ లైట్ల మీదే పని చేశారట కదా, ఏది ఏమిటో ఒకసారి కార్‌లో కూర్చుని చెప్తారా?" అని అడిగింది. నేను పెసరట్టు తింటున్నాను. "మీ ఆయన ఇంజనీరే కదమ్మా, ఏదైనా వెలిగితే ఆయనకి ఫోన్ చెయ్యి" అన్నాను. పెద్ద హాస్యమాడినట్టు నవ్వాను కూడా. శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా పని. ముప్పై ఏళ్లు లోకానికంతా దీపాలు పెట్టి, అడిగిన ఒక్క మనిషికి చెప్పలేదు. ఆ పిల్ల నా మాట ప్రకారమే నీకు ఫోన్ చేసింది.

కింద మీ అక్క ఏదో రాస్తానంటోంది. చదవకుండా అంటించమంది.

బావ

ఒరే రఘూ, నీ మీద కోపం లేదని రాయమంటారు మీ బావ. ఉంది. అది నేనూ నువ్వూ చూసుకుందాం. మా ఇద్దరికీ ఇంత పొడుగు ఉత్తరం రాశావు. ఎండలో బిడ్డని ఒళ్లో వేసుకుని కూర్చున్నదానికి ఏం చెప్పావు? దానికి చెప్పాకే నాకు ఫోన్ చెయ్యి. అప్పటిదాకా వద్దు. ఛాయ


చాండ్లర్
9 అక్టోబరు 2025

బావగారికి నమస్కారాలు.

అక్షరాభ్యాసం ఎలా జరిగిందో అక్క వచ్చి మీకు చెప్పే ఉంటుంది. పాప చెయ్యి పట్టుకునే ముందు అక్క ఒకసారి ఆగి నమ్రత వైపు చూసింది. నమ్రత తల ఊపింది. ఇషిత బియ్యమంతా కిందికి తోసేసింది, అందరూ నవ్వారు. మీరూ వచ్చి ఉంటే బాగుండేది.

మీకు వేరే సంగతి రాయాలి. ఇది అక్కకి కూడా చెప్పలేదు.

అక్క రాసిన నాలుగు ముక్కలు చదివిన రోజే నమ్రతని కూర్చోబెట్టి చెప్పాను. మీ ఉత్తరాలన్నీ ముందు పెట్టాను. నేను తనకి కొత్తగా ఏదో చెబుతున్నట్టు మొదలుపెట్టాను. అంతటి తెలివితక్కువవాణ్ని. ఫోన్ చేసింది తనే, ఆ ఫోన్ పెట్టేసింది నేనే అని తనకి తెలియదా?

"నువ్వు అందరికీ బొట్టు కథ చెబుతుంటే నేను పక్క రూమ్‌లోనే ఉన్నా కదా" అంది. "ప్రతిసారీ వినేదాన్ని. ఇప్పుడు నా పేరు చెప్తాడా, ఇప్పుడు చెప్తాడా అని. నువ్వు చెప్పలేదు. దానికి నీకు థాంక్స్ చెప్పాలా అని కూడా ఆలోచించాను."

సారీ చెప్పాను. చాలాసార్లు చెప్పాను. తను మీ ఉత్తరాలు చదువుతూనే ఉంది. అక్క పాలు పొంగించడానికి వెళ్లలేదన్న చోట ఆగి, "వదిన ఇంత బాధపడుతుంటే సమ్మరంతా నిజం దాచి కూర్చున్నావా?" అంది. అక్కడికక్కడే అక్కకి ఫోన్ చేసింది. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తలుపు వేసుకుంది.

బయటికి వచ్చాక ఒక్క మాట చెప్పింది. "ఆపాలని నాకు తెలుసు రఘూ. రెడ్ అని కళ్లకి కనబడుతోంది. పొగ వాసన వస్తోంది. వెనక సీట్లో పాప ఉంది. అయినా నువ్వు రమ్మన్నావని వచ్చాను. నీ తప్పు నీది. అది మాత్రం నాది. ఇంకోసారి చెయ్యను."

మాటల్లో కోపం లేదు. అందుకే నాకు వెంటనే అర్థం కాలేదు. మర్నాడు పొద్దున మా కొత్త కారు బుక్ ముందేసుకుని కూర్చుంది. లైట్ల పేజీలు చదివింది. అర్థం కానివి మీకు మెయిల్ పెట్టి అడిగిందట కదా, మీరు బొమ్మలు గీసి మరీ జవాబిచ్చారట. అదీ అక్క చెబితేనే తెలిసింది. తర్వాత తనే తాళాలు తీసుకుని డ్రైవ్ చేసింది. నాకు సంతోషమేసింది, అంతా సర్దుకుందనుకున్నాను.

మొన్న ఇషిత, నేను సోఫాలో కూర్చుని ఉన్నాం. అది బొమ్మల పుస్తకం చూస్తూ, "డాడీ, కార్‌లో ఎల్లో లైట్ వచ్చింది. మమ్మీ స్టాప్ చేసి గాలి కొట్టింది" అంది. ఎప్పుడు నాన్నా అంటే, "స్విమ్మింగ్ డే" అంది. డాడీకి కాల్ చేశారా అని అడిగాను.

"నో. ఎందుకు?" అంది.

నమ్రత వంటింట్లోనే ఉంది, మా మాటలు వినబడే ఉంటాయి. వెళ్లి అడుగుదామని లేచాను. ఏమని అడగాలో తెలియక మంచినీళ్లు తాగి వచ్చేశాను.

రఘు